దేహసిద్ధి: రససిద్ధుల తత్త్వంలో శరీరం, మనస్సు

శరీరం, మనస్సు రెండు వేర్వేరు పదార్థాలా, లేక ఒకే పదార్థపు రెండు స్థితులా? తత్త్వశాస్త్రంలోని ఈ పాత ప్రశ్నకు తెలుగు నేల మీద రససిద్ధులు తమదైన సమాధానం చెప్పారు. పాదరసంతో ఔషధాలు చేస్తూ, దేహాన్ని దృఢపరిచి ముక్తి సాధించవచ్చని నమ్మినవారు వీరు. శ్రీశైలం, దాని చుట్టూ ఉన్న నల్లమల వీరికి పేరుపడ్డ స్థానం. ఆ క్షేత్రానికి నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం, జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపురం పశ్చిమ ద్వారం.

అలంపురంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నిర్మాణాలు. స్థలపురాణం మాత్రం వాటిని రససిద్ధుడికి ఆపాదిస్తుంది. పాదరసంతో బంగారం చేసి ఆయన ఈ గుళ్లు కట్టించాడని కథ. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ అన్న పేర్లలో బ్రహ్మ ఉన్నా ఇవి శివాలయాలే. ఈ పేర్లు సిద్ధుడు వాడిన మూలికలవని మరో కథనం. కథగా చూసినా ఇందులో ఒక విషయం స్పష్టం: జనం తలపులో వైద్యం, రసవాదం, దైవసాధన ఒకే పనిగా నిలిచాయి.

ఈ మార్గానికి తాత్త్విక రూపం రసేశ్వర దర్శనం. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో వివరించిన 16 దర్శనాల్లో ఇది తొమ్మిదవది. దీని వాదం సూటిగా ఉంటుంది. చనిపోయాక వచ్చే ముక్తిని ఎవరూ కళ్లారా చూడలేదు. ముక్తికి జ్ఞానం కావాలి, జ్ఞానానికి అభ్యాసం కావాలి, అభ్యాసానికి నిలకడైన శరీరం కావాలి. రోగాలతో, ముసలితనంతో కూలిపోయే దేహంలో సమాధి కుదరదు. కనుక ముందు దేహాన్ని సిద్ధం చేయాలి. పాదరసం శివుడి అంశ, అభ్రకం గౌరి అంశ. వాటి కలయికతో దేహం దివ్యమవుతుందని ఈ దర్శనం చెబుతుంది.

పాదరసానికి చేసే సంస్కారాలు మనస్సు గురించి కూడా మాట్లాడతాయి. పాదరసాన్ని గంధకంతో కలిపి కల్వంలో నూరితే దాని మెరుపు, పరుగు క్రమంగా పోయి నల్లటి పొడి మిగులుతుంది. దాన్ని కజ్జలి అంటారు. హఠయోగ ప్రదీపిక పాదరసాన్నీ మనస్సునూ స్వభావసిద్ధంగా చంచలమైనవిగా చెప్పి, రెండింటినీ బంధిస్తే సాధించలేనిది లేదంటుంది. ఒకదాన్ని ఔషధం చేసే విధానమే రెండోదానికి సాధనా మార్గం.

ఈ ఆలోచన వెనుక ఆయుర్వేదం ఉంది. మనస్సు, ఆత్మ, శరీరం అనే మూడు కలిస్తేనే జీవి అని చరకసంహిత నిర్ధారిస్తుంది. వాతం, పిత్తం, కఫం శరీర దోషాలైతే, రజస్సు, తమస్సు మనోదోషాలు. ఆయుర్వేదం ఆధారపడే సాంఖ్య దర్శనం ప్రకారం మనస్సు కూడా ప్రకృతి అనే జడపదార్థపు పరిణామమే. కనుక శరీరం, మనస్సు స్థూల సూక్ష్మ భేదాలే తప్ప విజాతీయాలు కావు.

చైనా వైద్యం కూడా ఇటువంటి చోటికే చేరింది. క్రీస్తుకు పూర్వం కూర్చిన హువాంగ్‌డీ నైజింగ్ అనే వైద్యగ్రంథం భావోద్వేగాలను అవయవాలతో జతచేసింది: కోపం కాలేయానికి, దుఃఖం ఊపిరితిత్తులకు, భయం మూత్రపిండాలకు చెందుతాయి. కోపం వస్తే చీ అనే ప్రాణశక్తి పైకి ఎగసిపోతుంది, భయం వేస్తే కిందికి దిగుతుంది. 4వ శతాబ్దంలో చైనా రసవాది గ హోంగ్, పాదరసపు ఖనిజమైన హింగుళంతో చేసే అమరత్వ ఔషధాల గురించి రాశాడు.

పాశ్చాత్య దేశాల్లో దారి వేరు. 1641లో ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ ఆలోచించే పదార్థాన్నీ, స్థలాన్ని ఆక్రమించే పదార్థాన్నీ పూర్తిగా విడదీశాడు. స్థలంలో లేని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ అతణ్ని అడిగింది. 1649లో అతడు మెదడులోని పీనియల్ గ్రంథిని ఆత్మకూ దేహానికీ కూడలిగా చెప్పాడు. అయినా ఆమె అడిగిన చిక్కు విడిపోలేదు.

రససిద్ధులకు, చైనా వైద్యులకు ఆ చిక్కు ఆ రూపంలో ఎదురుకాదు. అంతమాత్రాన ప్రశ్న పోలేదు, చోటు మారింది. సాంఖ్య మార్గంలో గీత మనస్సుకూ శరీరానికీ మధ్య కాదు, ఈ రెంటికీ సాక్షిచైతన్యానికీ మధ్య పడింది. జడమైన ప్రకృతితో చైతన్యం ఎలా కలుస్తుందన్న ప్రశ్న అక్కడ మిగిలే ఉంది.

దేహమూ మనస్సూ ఒకదానిపై ఒకటి ఆధారపడతాయన్న సిద్ధుల చూపు నేటికీ విలువైనది. పాదరసంతో దేహం అమరమవుతుందన్న ఆశ మాత్రం నిలబడలేదు. పాదరసం నరాలకు, మూత్రపిండాలకు విషం. చైనాలో టాంగ్ వంశ చక్రవర్తులు కొందరు ఇటువంటి అమృత ఔషధాలు మింగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. సిద్ధుల తత్త్వాన్ని గౌరవించి చదవాలి, వారి రసాన్ని మాత్రం స్వయంగా వాడకూడదు.