చూడొద్దనడం తేలిక

పిల్లల పెంపకంలో అన్నిటికన్నా సులువైన మాట "వద్దు". "ఇలా చెయ్యి" అనాలంటే ముందు మనకి తెలిసుండాలి, పక్కన నిలబడే ఓపిక ఉండాలి. "వద్దు"కి ఆ రెండూ అక్కర్లేదు.

1980 ఫిబ్రవరి 16న పట్టిన సూర్యగ్రహణం గురించి చిక్కడపల్లిలో పెద్దవాళ్ళనెవర్ని కదిలించినా ఒకటే చెబుతారు. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా నరసంచారం లేదట. తలుపులు బిగించుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, గర్భిణుల్ని కదలనివ్వకుండా పడుకోబెట్టారట. అదే మధ్యాహ్నం, ఊరికి యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలించారు. సూర్యుడొక్కడే మరి!

భయం ఉత్తదని నేననను. సూర్యుణ్ణి తేరిపార చూస్తే కంటి లోపలి పొర కాలుతుంది. ఆ పొరకి నొప్పి తెలియదు కనక కాలుతున్న సంగతే తెలియదు. మసి పట్టించిన గాజుముక్క, ఎక్స్‌రే ఫిల్మ్, పసుపు నీళ్ళలో ప్రతిబింబం - ఇవేవీ కాపాడవు. టెలిస్కోప్ ఉన్నవాళ్ళు సూర్యుడి కోసం తయారైన ఫిల్టర్‌ని దాని ముందు కొసకే బిగించాలి, కంటి దగ్గర కాదు.

ఏమీ లేనివాళ్ళకీ దారుంది. అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పొడిచి, సూర్యుడికి వీపుపెట్టి నిలబడి, ఆ చిల్లులోంచి వచ్చే వెలుగుని తెల్లకాగితం మీద పట్టుకోవడమే. గ్రహణం రోజున వీధిలో వేపచెట్టు కింద చూడండి, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగుచుక్కలన్నీ నెలవంకలే!

తెలుగునేలకి ఈ విద్య కొత్త కాదు. 1868 ఆగస్టు 18 గ్రహణం కోసం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని తన పరికరంతో చూసి, వీటికి గ్రహణం దాకా ఆగక్కర్లేదని గ్రహించి, మర్నాడు మామూలు ఎండలోనే మళ్ళీ చూశాడు.

తలుపు వేసిన తల్లిది ప్రేమే, కాదనను. కానీ ప్రేమకి ఒకరి కళ్ళు మూసే హక్కుందా? పైగా వద్దన్నది చూడని పిల్లలెక్కడైనా ఉన్నారా? అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే కిటికీ సందులోంచి, ఏ రక్షణా లేని కంటితో చూస్తారు. పద్ధతి నేర్పని కట్టడి, కాపాడాలనుకున్న కంటినే ప్రమాదంలో పడేస్తుంది. ఆడపిల్లల చదువూ, డబ్బు లెక్కలూ, ప్రేమలూ - మనం "నీకెందుకు" అని దాచిన వాటన్నిటికీ ఇదే వర్తిస్తుందని నాకనిపిస్తుంది.

ఈసారి గ్రహణానికి రోకలి నిలబెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పక్కనే ఓ అట్టముక్క, ఓ గుండుసూది కూడా పెట్టండి.