రాజశేఖరం రాకపోతే?



మిరప కళ్లంలో స్త్రీలు వరుసగా కూర్చుని తాలుకాయలు ఏరడం మనమందరం చూచినదే. చేతులు పనిలో ఉంటే నోట కబుర్లు సాగుతుంటాయి. ఒకప్పుడు ఆ కబుర్లలో నవలలు కూడా ఉండేవి. కాస్త చదువుకున్న అమ్మాయి అద్దె పుస్తకాల షాపులో తెచ్చి చదివిన కథను మిగతావారికి చెప్పేది. నేడు అటువంటి కథలే సెల్‌ఫోనులో వస్తున్నాయి. అప్పుడు కారు దిగిన కోటీశ్వరుడు. ఇప్పుడు సినిమా హీరో, క్రికెట్ ఆటగాడు. లోకమంతా వెంటపడే ఆ గొప్పవాడు ఒక సామాన్యురాలిని చూచి, ఆమెనే వరిస్తాడు.

“ఇవి చదివితే పిల్లలు చెడిపోరా?” అని ఒక తల్లి నన్నడిగింది. పత్తి మిల్లులో గుమస్తాగా ఉన్న అబ్బాయి సంబంధం వస్తే, “అతనిలో ఏముంది?” అని ఆమె కూతురు పెదవి విరిచిందట. వద్దనే హక్కు ఆ పిల్లకుంది. అయితే నవలను నిందించే ముందు దానిని సరిగా చదివామా?

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవల 1960లలో వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా అయింది. రచయిత్రి 2018లో కన్నుమూసినా ఆ పుస్తకం నేటికీ చదువుతున్నారు. అందులో రాజశేఖరం ధనవంతుడు, జయంతి ఉద్యోగం చేసి బ్రతికే అమ్మాయి. ఆమె ఆత్మాభిమానం గలది, యజమాని సంపదకు తలవంచదు. మనకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం అతని కారే!

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. ఇంగ్లండులో 1740లో రిచర్డ్‌సన్ ‘పమేలా’ అనే నవల వ్రాశాడు. పనిపిల్ల తన శీలాన్ని కాపాడుకొంటుంది. చివరకు యజమానే ఆమెను పెండ్లాడతాడు. అదే ఆమె సుగుణానికి బహుమానమట!

ఇక్కడే ఒక ప్రశ్న. రాజశేఖరం రాకపోతే జయంతి విలువ తగ్గేదా? గొప్పవాడు ఎన్నుకొన్నందువల్లనే మనిషికి విలువ వస్తుందని నమ్మితే, ఎవరూ ఎన్నుకోని కోట్లాది స్త్రీల మాటేమిటి?

రూతు కథ జ్ఞాపకం చేసికొనండి. ఆమె విధవ, పరదేశి, చేలో పరిగె ఏరుకొన్న పేదరాలు. పొలం యజమాని సంపన్నుడు. నవలకు తగిన కథే! కాని అత్తగారికి ఆమె చేసిన సేవను గూర్చి అతడు ముందే విని ఉన్నాడు. అతడు చేపట్టినందుకు ఆమె గొప్పది కాలేదు. ఆమెలో ఉన్న గొప్పతనాన్ని అతడు గుర్తించాడు. ప్రేమ విలువను ఇవ్వదు, ఉన్న విలువను చూస్తుంది.

ఆ తల్లిని నేను తిరిగి అడిగాను: “అమ్మా, ఆ సంబంధం వచ్చినప్పుడు మీరు మొదట ఏమి విచారించారు?” ఆమె కాసేపు ఆగి, “ఎన్ని ఎకరాలున్నాయని” అన్నది. పిల్ల కారును చూచింది, మనం ఎకరాలను చూచాం. అతనిలో ఏముందో ఇద్దరమూ చూడలేదు.

కనుక నవలలను పొయ్యిలో పెట్టవద్దు. మీ అమ్మాయి చదివిన కథను ఆమె చేతనే చెప్పించుకొని వినండి. కళ్లంలో చేసినట్లే తాలు ఏరి పక్కన పెట్టి, మంచికాయ ఉంచుకోమనండి. జయంతి ఆత్మాభిమానం మంచికాయ. ఆ కారు తాలు.