జరుగని దానిలోని సత్యము

జరిగిన దానిని తెలిసికొనుట జ్ఞానమనియు, జరుగబోవు దానిని ముందుగా తలపోయుట వివేకమనియు అందరును ఒప్పుకొందురు. కాని ఎన్నడును జరుగక, ఇక జరుగుటకు అవకాశమును లేక కాలగర్భమున కలిసిపోయిన దానిని పట్టుకొని, అది జరిగియుండినచో ఎట్లుండెడిదని ఊహించుట జ్ఞానమగునా, వృథావ్యాపారమగునా యన్న ప్రశ్నకు సమాధానము అంత సులభముగ దొరకదు. పండితుల వాదములలోనే కాక, ఆటవస్తువులవలె కనిపించు కొన్ని చిన్న విమానపు నమూనాలలో గూడ ఈ ప్రశ్న ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలపు యంత్రములను 72వ వంతు పరిమాణమున ప్లాస్టిక్ ముక్కలతో అతికించి, రంగులు వేసి, అద్దాల బీరువాలో నిలుపుకొను అభిరుచి గలవారు లోకమున పెక్కురు. వారిలో కొందరు చరిత్ర ఎరిగిన విమానముతో తృప్తిపడక, చరిత్ర ఎరుగని విమానమును చేయుదురు. నీటిపై వ్రాలి నీటినుండియే లేచు సైనిక విమానములు, అనగా ఫ్లయింగ్ బోట్లని పేరొందిన ఎగురుపడవలు, ఇట్టివారికి మిక్కిలి ప్రియమైనవి. 1935లో తొలిసారి ఎగిరిన అమెరికావారి కేటలీనాకు రెక్కల కొననుండి కొనకు 104 అడుగులు. నమూనాలో అది ఇంచుమించు 44 సెంటీమీటర్లు. దానికి జెట్ ఇంజనులు తగిలించువాడొకడు, తుపాకులు తీసివేసి రోగులకు పడకలు అమర్చువాడొకడు, అది ఏనాడును కొలువని దేశపు చిహ్నమును దాని ప్రక్కపై చిత్రించువాడొకడు.

ఇది మన తీరమునకు బొత్తిగా పొరుగూరి వేడుక కాదు. 1942 ఏప్రిల్ 4న సింహళమునకు దక్షిణమున జపాను నౌకాసమూహమును కనిపెట్టి వార్త పంపినది కెనడా దళమువారి కేటలీనాయే. రెండు దినములు గడచినంతనే విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడినవి. మద్రాసు చెంతనున్న రెడ్ హిల్స్ చెరువు ఆ యుద్ధమున ఎగురుపడవలకు స్థావరమయ్యెను. యుద్ధము ముగిసినది, అవి వెడలిపోయినవి. కృష్ణాతీరవాసి యగు నమూనాకారుడొకడు ఇచ్చట నిలిచి, అవి వెడలిపోక కొల్లేటిలో లంగరు వేసి యుండినచో, గుడివాడ జంక్షను మీదుగా రైలులో వాటికి ఇంధనము వచ్చుచుండినచో, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనవేళకు అవి దివిసీమకు అర్ధగంట దూరమున సిద్ధముగ నుండినచో అని తలంచి, తెల్లని పొట్టపై మువ్వన్నెల చక్రమును దిద్దవచ్చును.

ఇట్టి ఊహ కుందేటికొమ్మును వర్ణించుటయే యని ఒక వేదాంతి త్రోసిపుచ్చవచ్చును. కాని కుందేటికొమ్మును గూర్చి నైయాయికులు చేసిన విచారణ అంత తేలికైనది కాదు. కుందేలు సత్యము, కొమ్ము ఆవునందు సత్యము, లేనిది ఆ రెంటి సంబంధము మాత్రమే యని వారు నిర్ణయించిరి. అట్లే విమానము సత్యము, కొల్లేరు సత్యము, చక్రము సత్యము. మనస్సు తెచ్చి కూర్చినది సంబంధమును మాత్రమే. ఇంతకును ఈ కుందేటికి చిన్న కొమ్మొకటి నిజముగనే మొలిచియుండెను: సండర్లాండ్ అను పెద్ద ఎగురుపడవను నిర్మించిన షార్ట్ సంస్థవారే చేసిన సీలాండ్ అను చిన్న ఉభయచర విమానములు 1953లో భారతనౌకాదళమునకు తొలి విమానములై కొచ్చినుకు వచ్చినవి. అవి పదియే, 1977 నాటికి వాటిలో ఒక్కటియు సేవలో లేదు.

ఆంధ్రుడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున అయథార్థానుభవమును సంశయము, విపర్యయము, తర్కము అని మూడు విధములుగ విభజించెను. దూరమున కనబడునది మోడో మనిషో యని ఊగిసలాడుట సంశయము. ముత్యపుచిప్పను వెండి యనుకొనుట విపర్యయము. పొగలు గ్రక్కుచున్న కొండను చూపి, అచ్చట నిప్పు లేకున్నచో పొగయు లేకుండవలెను గదా యనుట తర్కము. నిప్పు లేని ఆ కొండ అసత్యమే. అయినను పలుకువాడు దాని అసత్యతను ఎరిగియే, బుద్ధిపూర్వకముగ దానిని ఆరోపించుచున్నాడు. శాస్త్రము దీనిని ఆహార్యారోపమనును. భ్రాంతి మనలను పట్టును. ఆహార్యారోపమును మనమే పట్టి, పని తీరినంతనే విడిచిపెట్టుదుము. అందువలననే తర్కము స్వయముగ ప్రమాణము కాకున్నను, ప్రమాణమునకు తోడ్పడునదిగా గౌరవము పొందినది.

నమూనాకారుని కల్పన ఈ జాతిలోనిదే. ఇతరులను నమ్మింపజూచుట దానియందు లేదు కనుక అది అబద్ధము కాదు. తానే నమ్ముట లేదు కనుక భ్రాంతియు కాదు. కాని తర్కమునకొక కఠిననియమము కలదు: ఆరోపించినది ఒక్కటియే కల్పితము కావలెను గాని, దానివెంట వచ్చునవి కల్పితములు కారాదు. నిప్పును తీసివేయు స్వాతంత్ర్యము నాకు కలదు. తీసివేసిన పిదప పొగను నిలుపుకొను స్వాతంత్ర్యము నాకు లేదు. కేటలీనా పొట్టక్రింద నడుమ మెట్టువంటి విరుపొకటి యుండును. పరుగు హెచ్చినపుడు నీటి పట్టును విడిపించి విమానమును పైకి లేవనిచ్చునది అదియే. దానిని చెరిపి నున్నగ తీర్చినవాడు అందమైన బొమ్మను చేసినవాడగును గాని, ఎగురగల దానిని ఊహించినవాడు కాడు.

ఆయుధమును ఉపకరణముగ మార్చు ఊహకును ఈ నియమమే వర్తించును. తుపాకులను ఊడదీసినంతమాత్రమున హింసార్థమై పుట్టిన యంత్రము సాధువగునా? కృష్ణ సాగరమున కలియు హంసలదీవిని గూర్చి మనవారు చెప్పుకొను కథలో, జనుల పాపములను మోసి నల్లనై కాకిరూపమున తిరిగిన గంగ, తీర్థములన్నిటను మునిగి మునిగి, తుదకు ఆ సంగమమున హంసయైనది. పురాణకల్పనయందు సైతము రూపము ఊరక మారలేదు. మారుటకు తిరుగవలసిన త్రోవయంతయు తిరుగవలసివచ్చినది. రంగు మార్చి తృప్తిపడు కల్పన కాకికి సున్నము పూయుటయే. పడకలెన్ని పట్టును, వైద్యుడు ఎచ్చటనుండి వచ్చును, దిగుటకు నీరెంత లోతు కావలెను అని లెక్కించు కల్పన తీర్థయాత్రకు బయలుదేరినట్టిది.

కావున ఆ తర్కమును తుదివరకు నడిపింతము. ఆ నవంబరు 19న ఉప్పెన సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి, మైళ్లకొలది లోపలికి చొచ్చి, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములను ముంచివేసెను. చనిపోయినవారు పదివేలకు తక్కువ కారు. అట్టి గాలిలో కేటలీనా కొల్లేటినుండి లేవజాలదు. లేచినను ఆ అలలపై వ్రాలజాలదు. మరునాడు గాలి తగ్గిన పిమ్మట వచ్చినను, పొలములపై నిలిచిన నీటిలో తేలు తాటిమ్రాకులును, ఇండ్ల దూలములును, పశుకళేబరములును దాని పలుచని లోహపు పొట్టను చీల్చివేయును. తప్పించుకొని వ్రాలినచో చెట్లనంటి మిగిలినవారికి మంచినీరును మందులును అందింపగలదు. ఇది స్వల్పము కాదు. కాని ఉప్పెన మ్రింగినవారిని మాత్రము అది కాపాడియుండెడిది కాదు. మనము ప్రేమతో కల్పించిన విమానమును మన తర్కమే ప్రక్కకు త్రోసివేసి, అడుగవలసిన ప్రశ్నను ముందు నిలిపినది: ఉప్పెనకు ముందే వారికి నమ్మదగిన హెచ్చరిక అంది, ఎక్కి నిలుచుటకు ఎత్తైన గట్టి కట్టడమొకటి ఊరికి చేరువలో నుండినచో?

ఈ రెండవ ఊహకు కాలము కొంతవరకు సాక్ష్యము చెప్పినది. 1990 మే 9న, ప్రచండతలో 1977 నాటిదానికి తీసిపోని తుపాను కృష్ణాముఖద్వారముల చెంతనే తీరము దాటెను. అప్పటికి హెచ్చరికలు ముందుగా అందినవి, తుపాను రక్షణగృహములు వెలసినవి, లక్షలమందిని లోపలి ఊళ్లకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచినది. రెండు తుపానులు ఒక్కటి కావనియు, వచ్చిన వేళయు నీటి వేగమును వేరనియు ఒప్పుకొనవలసినదే. ఒక్క దృష్టాంతముతో వ్యాప్తి, అనగా సార్వత్రికనియమము, సిద్ధింపదు. అయినను మునుపటి నష్టమంతయు అనివార్యమన్న మాట ఇక నిలువజాలదు.

బందరు ఇట్టి నష్టమును ఎక్కువ కాలము మౌనముగ భరించిన పట్టణము. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన అచ్చట సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. విధివ్రాత యని దుఃఖితులు అనుకొనుటను తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. ఆ మాట గాయముపై కట్టిన గుడ్డ. కాని దుఃఖమున ఊరటయైన మాట సభలలోను కచ్చేరులలోను సమాధానమగుట వేరు. ప్రాక్తనకర్మముకంటె నేటి పౌరుషమును బలవత్తరముగ నిలిపిన యోగవాసిష్ఠము మన యింటి గ్రంథమే. పౌరుషమునకు మొదటి మెట్టు శ్రమకాదు, ఊహ. ఇట్లు కాక మరొకవిధముగ జరిగియుండవచ్చునని తలంపనివాడు, రేపు మరొకవిధముగ జరిపింప బూనుకొనడు.

కనుక జరుగని దానిని గూర్చిన ఊహ జ్ఞానమగునా యనినచో, అది కోరికకు లోబడినంతవరకు కాదు; కారణమునకు లోబడి, తనకు ప్రియమైన ఫలమునైనను వదలుకొనుటకు సిద్ధపడినపుడు జ్ఞానమునకు ద్వారమగును. దైవము లేదనుట ఇందులోని తాత్పర్యము కాదు. మానవుడు చేయదగినదంతయు లెక్కించి, చేసి ముగించిన చోటనే ఆ మాటకు అధికారము ప్రారంభమగునని మాత్రమే. ఆ లెక్క చేయకముందే దైవమును సాక్షిగ పిలుచువాడు భక్తుడు కాడు. తన బాకీని దైవము పద్దున వ్రాయించువాడు.