మేము, మనము

తప్పులు దిద్దుట ఉపాధ్యాయుని వృత్తిధర్మము. బాలుని పలకమీదను, పాఠములోను, ప్రవర్తనమునందును కనబడిన దోషమును చూపి, సరియైనదానిని నేర్పుటకే సంఘము అతనికి జీతమిచ్చుచున్నది. అట్టివాడు తన భాష వినబడని దేశమునకు పోయి కాపురముండవలసివచ్చినప్పుడు సంగతి తలక్రిందులగును. బడిలో ఇతరుల తప్పులు దిద్దినవాడు బడి వెలుపల దినమంతయు తానే తప్పులు చేయుచుండును. అంగడిలో బియ్యము కొనుటకు, చాకలికి బట్టలు లెక్కపెట్టి యిచ్చుటకు, పొరుగువారిని కుశలమడుగుటకు పసిబిడ్డవలె మాటలు వెదకుకొనుచుండును. ఆ తప్పులను ఎవరు దిద్దవలెను? దిద్దుట మర్యాదయా, దిద్దకుండుట మర్యాదయా? ఇది వ్యాకరణమునకు సంబంధించిన ప్రశ్నయని మొదట తోచును గాని, విచారించి చూడగా నీతికి సంబంధించిన ప్రశ్న.

ఈ విచారణకు మన కృష్ణాతీరమున మచిలీపట్టణముకంటె తగిన చోటు కానరాదు. బందరు అను దాని వాడుకపేరే పరభాషాపదము. పారసీకమున బందరనగా ఓడరేవు. 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకశాల పెట్టిరి. అంతకుముందే డచ్చివారు వచ్చియుండిరి. తీరమున సరకులతోపాటు మాటలును దిగినవి. గోడ కట్టించు మేస్త్రి పోర్చుగీసు భాషనుండి వచ్చెను. బడిలో చదువు చెప్పు మాస్టరు ఇంగ్లీషునుండి వచ్చెను. గురువను అర్థముగల లాటిను పదమొక్కటే ఈ రెండింటికిని తల్లి. ఒకడు సారువకొయ్యమీద నిలుచును, ఒకడు నల్లబల్లయెదుట నిలుచును; ఇద్దరి పనియు వంకరను సరిచేయుటయే. పరదేశపు మాటలను ఇంత సులభముగ ఇంటిలోనికి రానిచ్చిన మనము పరదేశపు మనుష్యుని ఎట్లు రానిచ్చితిమి?

1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఇంగ్లీషు మిషనరీలు బందరులో దిగిరి. గ్రామములలో బోధించుటకు ఫాక్సును, పాఠశాల నడపుటకు నోబులును ఏర్పడిరి. ఫాక్సు 1848లోనే మరణించెను. నోబులు 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరచెను. పిమ్మట దానినుండి పెరిగిన కళాశాల ఆయన పేరనే ప్రసిద్ధి గాంచినది. మతప్రచారమే వారి ముఖ్యోద్దేశము. 1852లో ఇరువురు విద్యార్థులు క్రైస్తవమతము స్వీకరింపగా ఊరిలో కలవరము పుట్టి, తలిదండ్రులు పిల్లలను బడి మాన్పించిరి. ఆ వివాదముతో మనకిప్పుడు పనిలేదు. పరభాషలో 24 సంవత్సరములు సంసారయాత్ర సాగించిన యొక ఉపాధ్యాయుడుగా మాత్రమే ఆయనను తలచుకొందము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్న ఉప్పెననాటికిని ఆయన ఆ ఊరిలోనే యుండెను. మరుసటి యేడు అచ్చటనే కన్నుమూసెను.

ఇట్టి పరదేశీయుడు మన భాషలో తొట్రుపడు తావులు ముఖ్యముగా మూడు. మొదటిది ఉచ్చారణము. కల్లు, కళ్ళు, కాలు, కాళ్ళు అను నాలుగును ఇంగ్లీషు చెవికి ఇంచుమించు ఒకటే. కళ్ళు మండుచున్నవని చెప్పబోయి కల్లు మండుచున్నదనుటయు, బడికి పిల్లలెందరు వచ్చిరని యడుగబోయి పిల్లులెన్ని వచ్చినవనుటయు అతనికి సహజము. ఇవి నవ్వి మరచిపోదగిన పొరపాట్లు.

రెండవది మన్నన. నీవు, మీరు, తమరు. వాడు, అతడు, ఆయన, వారు అని మనము మనుష్యులను మెట్లమెట్లుగా నిలుపుదుము. నాటి దొరలలో పెక్కురకు వచ్చిన దేశభాష నౌకరులకు ఆజ్ఞలిచ్చుటకు సరిపోవునంత మాత్రమే. రా, పో, తే అను మాటలను పెరటిలో నేర్చినవాడు వీథియరుగుమీది వృద్ధుని చూచి 'రా' అనినయెడల, అది నాలుక చేసిన తప్పు కాదు. తానెవరితో కూర్చుండి భాష నేర్చెనో, ఎవరితో కూర్చుండలేదో ఆ యొక్క మాటయే వెల్లడించుచున్నది.

మూడవది సూక్ష్మమైనది. మేము, మనము అను రెండింటికిని ఇంగ్లీషున ఒకటే మాట. వినువానిని విడిచి చెప్పునది మేము; వినువానిని కలుపుకొని చెప్పునది మనము. తానును భార్యయు భోజనమునకు లేచుచున్నామని చెప్పదలచి 'మనము భోజనము చేయుదము' అనిన దొర, తెలియకయే వచ్చినవారిని పంక్తికి పిలిచినవాడగును. విందునకు పిలువదలచి 'రేపు మేము భోజనము చేయుదుము' అనినచో, వచ్చినవారు 'మంచిది, చేయుడు' అని సెలవు తీసికొందురు. ప్రార్థనలో భగవంతుని సంబోధించి 'మనము పాపులము' అనినయెడల భగవంతుడును పాపులలో చేరిపోవును! ఈ భేదము తెలుగుబిడ్డకు ఎవరును నేర్పనక్కరలేదు. పరదేశీయునకు మాత్రము ఎవరో ఒకరు కూర్చుండబెట్టి చెప్పనిదే తెలియదు.

ఆ చెప్పువారెవరు? తప్పు విన్నవారు సాధారణముగా రెండు విధముల వర్తింతురు. కొందరు నవ్వుదురు. నవ్వు అంతయు చెడ్డది కాదు. మాట పలికినవానిని గూడ కలుపుకొని నవ్వి, వెంటనే సరియైన మాట యందించు నవ్వు తల్లి నవ్వువంటిది. పలికినవాడు వెళ్ళిన తరువాత అతనిని అనుకరించి నవ్వు నవ్వు వేరు. అందులో నేర్పుటలేదు, వెలివేయుటయే యున్నది.

మరికొందరు మర్యాదస్థులు. వీరు నవ్వరు, దిద్దరు. 'ఆహా! తమ తెలుగు మా తెలుగుకంటె బాగున్నది' అందురు. ఇది మన గృహములలో మిక్కిలి సభ్యతగా చెల్లుబడియగుచున్నది. కాని దీని లోతు పరికింపుడు. మన బిడ్డ తప్పు పలికినచో మనము సహింపము; వాడు మనవాడు, రేపు నలుగురిలో మాటలాడవలసినవాడు. పరదేశీయుని తప్పును చిరునవ్వుతో పోనిచ్చుట, 'ఇతనికి ఇంతకన్న రాదు, రానక్కరయు లేదు' అని మనసులో తీర్పు చెప్పుటయే. పొగడ్త వేషమున వచ్చిన నిరాదరణమది. నోటితో 'మనము' అనుచు నడతతో 'మేము' అనుట.

ఇందులకొక ఆక్షేపణ కలదు. వయసునను పదవియందును పెద్దయైన గురువును దిద్దుట అవినయము కాదా? అందును ఆ గురువు పాలకజాతివాడైనపుడు, దిద్దబోయినవానికి అపాయము కలుగదా? నిజమే. అధికారియెదుట ఊరకుండుట పెక్కుమార్లు భయమేగాని మర్యాద కాదు. ఆ భయమునకు కారణమైనవాడు దానిని గౌరవమని భ్రమపడుట అతని నష్టము. కాబట్టి మొదటి భారము గురువుమీదనే యున్నది. శిష్యునిచేత ఓటమిని కోరవలెనని మన పెద్దలు చెప్పినది ఇందులకే. తన్ను దిద్దుటకు శిష్యునకు సెలవీయని గురువు నలువదియేండ్లు ఒక దేశమునందున్నను అతిథిగృహమునందే యున్నవాడు. సెలవిచ్చిన పిమ్మటను దిద్దని శిష్యుడు మాత్రము అపరాధియే.

పరదేశీయుడు మన యింటికి వచ్చినప్పటి మాట ఇది. మనము పరదేశీయులమైనప్పుడో? గుడివాడ ప్రాంతమునుండి అమెరికాకు పోయినవారి సంఖ్య స్వల్పము కాదు. అందరును యంత్రగణనశాస్త్రజ్ఞులు కారు. పరస్పర వినిమయ పథకము క్రింద అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో కొన్నియేండ్లు చదువు చెప్పుటకు పోవు భారతీయోపాధ్యాయులును కలరు. గుడివాడనుండి యొక గణితోపాధ్యాయుడు అట్లు పోయెననుకొందము. ఇంగ్లీషు తనకు వచ్చునను ధైర్యముతోనే పోవును. మొదటి దినముననే, వ్రాసినది చెరిపివేయుటకు రబ్బరు తీయుడని పిల్లలకు చెప్పును, తరగతియంతయు గొల్లుమనును. ఆ మాటకు ఆ దేశపు వాడుకలో సభలో పలుకరాని అర్థము కలదని అతడెరుగడు. 'మీకేమైన డౌట్లున్నవా?' అని యడుగును. మనకు డౌటనగా అడుగదగిన ప్రశ్న. వారికి నమ్మకము లేకపోవుట. నా మాట మీరు నమ్మరా అని గురువడిగినట్లు విని పిల్లలు మొగమొగములు చూచుకొందురు. తన పూర్వవిద్యార్థులు ఫలానా యేట పాసౌటు అయినారని గొప్పగా చెప్పును. వారందరును మూర్ఛపోయిరని విన్నవారికి తోచును. సాయంకాలము తోటి ఉపాధ్యాయుని యింటినుండి సెలవు తీసికొనుచు, పొమ్మను మాట, పోయెదనను మాట అశుభమని యెంచు మన యలవాటు చొప్పున 'వచ్చెదను' అనుదానినే ఇంగ్లీషున చెప్పి వెళ్ళిపోవును. ఇతడు మరల వచ్చునని ఆ గృహస్థు తలుపు వేయక కాచుకొనియుండును.

వినుటకు ఇవి వినోదములే. అనుభవించువానికి అట్లు కాదు. ఒడంబడిక కాలము ముగియునప్పటికి అతని పనిని ఎవరో తూచి చూతురు. తరగతిలో నవ్వులపాలైనవాని గణితము మంచిదైనను పిల్లలు వినరు. ఇక తప్పు పలుకుదునేమో యను భయముతో అతడు మాటలు తగ్గించుకొనును. భోజనవేళ ఒంటిగా కూర్చుండును. ఇంటికి మాటలాడునపుడు అంతయు బాగున్నదని తల్లితో చెప్పును. ఆ పాఠశాలలో ఎవరైన ఒక్కరు, తలుపు చేరవేసి, 'అయ్యా, ఆ మాట ఇచ్చట ఇట్లు వాడరు, దీనికిట్టి యర్థము కలదు, ఈ మాట వాడుడు' అని చెప్పినచో అతని బ్రతుకు మారిపోవును. ఆ యొక్కరు చేయు మేలునకు ద్రవ్యవ్యయము లేదు. కావలసినది కొంచెము చొరవ. ఇతడును మావాడేయను తలపు. మన బిడ్డలకు ఆ దేశమున అట్టివారు దొరకవలెనని కోరుకొనుచున్నాము గదా! కోరుకొనువారు తామును చేయవలెను.

వ్యాకరణమున కెక్కని తప్పులును కలవు. దివిసీమకు దూరప్రాంతమునుండి యొక ఉపాధ్యాయుడు వచ్చి నాగాయలంక దగ్గర బడిలో చేరెననుకొందము. భాష తెలుగే. సెలవుల తరువాత పిల్లలందరు ఒక్కసారిగా వచ్చిరని సంతసించి, 'ఉప్పెనవలె వచ్చిరి' అని గ్రామపెద్దలయెదుట అనును. వాక్యమున దోషము లేదు. పత్రికలలో దినమును చూచు ఉపమానమే. కాని 1977 నవంబరు 19వ తేదీన సముద్రము లేచి వచ్చి ఆ సీమలో వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినది. పిల్లలను చేతులలోనుండి జారవిడుచుకొన్నవారు ఆ గ్రామములలో ముసలివారై యుండిరి. వారికది ఉపమానము కాదు, తేదీ. అపుడా ఉపాధ్యాయుని ప్రక్కకు పిలిచి ఆ దినపు కథ చెప్పుటకంటె గొప్ప పాఠము లేదు. నొచ్చుకొని ఊరకున్నచో అతడు ఆ యూరివాడు కాలేడు. చెప్పినచో ఆ దుఃఖములో పాలివాడగును. మరల ఆ మాటను తేలికగ పలుకడు.

ఇక మనయింటి సంగతి. కృష్ణాతీరపు తెలుగే తెలుగను అభిమానము మనకు మెండు. శ్రీకాకుళమునుండి గాని, పాలమూరునుండి గాని, కడపనుండి గాని వచ్చిన పంతులుగారి యాసను మన పిల్లలు అనుకరించుచుండగా విని మనము ముసిముసినవ్వులు నవ్వుదుము. అచ్చట తప్పేలేదు, ఉన్నది భేదము మాత్రమే. తప్పును దిద్దుట ధర్మమైనచో, తప్పు కానిదానిని తప్పనుట అధర్మము. దిద్దవలసినది ఆ పంతులుగారి నాలుకను కాదు, మన చెవిని. మరియు నోబులు పాఠశాల మొదట అగ్రవర్ణముల బాలురనుద్దేశించినదని మరువరాదు. మేము, మనము అను భేదమును పరదేశీయునకు చెప్పగలిగిన మన యూరిలోనే 'మనము' అను మాట తెలుగువారికందరికి చాలినది కాదు.

భాష మనకు రెండు మాటలిచ్చినది. ఏది యెప్పుడు వాడవలెనో వ్యాకరణము చెప్పును. ఎవరిని ఏ మాటలో చేర్చవలెనో వ్యాకరణము చెప్పదు, మనమే నిర్ణయించుకొనవలెను. వచ్చినవాని తప్పును ఏకాంతమున, కారణముతోకూడ, దయతో చెప్పుట. తాను పరదేశమున నున్నపుడు చెప్పినవానిని మిత్రుడని యెంచుట. భేదమును దోషమనకుండుట — ఈ మూడును అలవరచుకొన్న గృహములో ఏ దేశపు ఉపాధ్యాయుడును పరాయివాడు కాడు.