వేటకు వెంట వచ్చు పసివాడు

ధ్యానభాగము: ఆదికాండము 33:12–18



మన సముద్రతీరపు పల్లెలలో ‘వేట’ యనగా చేపల వేటయే. అడవి మృగముల వేటను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము చాలవరకు మాన్పించినది. నీటిమీది వేట మాత్రము అనేక కుటుంబములకు నేటికిని కూడు పెట్టుచున్నది. ఆ వేటకు మూడేండ్ల, నాలుగేండ్ల బిడ్డలను వెంటబెట్టుకొని పోవువారు కలరు. ఇది తగునా? తగినయెడల ఏ హద్దులలో తగును?

తండ్రి పక్షమున చెప్పవలసినది చాల యున్నది. పోటు ఎప్పుడు వచ్చును, ఆటు ఎప్పుడు తీయును, గాలమునకు ఎర ఎట్లు గ్రుచ్చవలెను అను సంగతులు పలకమీద నేర్పబడవు. తండ్రి ప్రక్కన కూర్చున్నవాడే వాటిని నేర్చుకొనును. మరియు తల్లి తెల్లవారకమునుపే చేపల గంపతో బజారునకు పోయినప్పుడు, ఇంట ముసలివారెవరును లేనియెడల, బిడ్డ ఎవరియొద్ద నుండవలెను? అనేక ఇండ్లలో ఇది వేడుక కాదు, గతిలేక చేయు పని. కాబట్టి అట్టి తండ్రిని తొందరపడి నిందింపరాదు.

అయినను నీరు మన బీదతనము చూచి జాలిపడదు. లోకమంతట నీట మునిగి చనిపోవువారి లెక్కలలో 1 నుండి 4 ఏండ్ల ప్రాయపు బిడ్డల రేటే అన్నిటికన్న ఎక్కువయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పసివాని తల వానిదేహమునకు బరువు. ముందుకు తూలినయెడల లేవలేడు. నాలుగు వేళ్ల లోతు నీరైనను చాలును. మునుగుచున్న బిడ్డ సాధారణముగా కేక వేయడు. తండ్రి వల విదిలించుకొని వెనుకకు తిరుగులోపల అంతయు ముగిసిపోవచ్చును.

“ఆయువున్నయెడల బ్రతుకును, లేనియెడల ఇంటనున్నను పోవును” అని కొందరందురు. ఇది విశ్వాసమువలె వినబడును గాని విశ్వాసము కాదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపించుచున్నది. ఎవడైన పడిన తరువాత కట్టుమని కాదు, పడకమునుపే కట్టుమని. దేవునియందు నమ్మిక గలవాడే ఆ గోడ కట్టును.

ఇప్పుడు మన ధ్యానభాగము చూడుడి. ఏశావు వేటకాడు, నాలుగువందలమందితో వచ్చి, కలిసి ప్రయాణము చేయుదమని తమ్ముని పిలిచెను. ప్రేమతోనే పిలిచెను. యాకోబు ఒప్పుకొనలేదు. తన పిల్లలు పసివారనియు, వారి శక్తినిబట్టి మెల్లగా వచ్చెదననియు చెప్పెను. వేటకాని నడక వేరు, పసివాని నడక వేరు. రెండును ఒకే దినమున నడువవు. కాబట్టి నా మనవి యిది: బిడ్డను వెంట తీసికొనిన దినమున తండ్రి వేటకాడు కాడు, బిడ్డకు కాపరి మాత్రమే. చేపలు కావలసిన దినమున బిడ్డను తీసికొనిపోరాదు.

దీనిని ఆచరణలో ఇట్లు చేయవచ్చును. ఐదేండ్లలోపు బిడ్డను పడవ ఎక్కింపకుడి, గట్టుమీదనే నేర్పుడి. వల విసరువాడొకడు, బిడ్డ చేయి పట్టుకొనువాడు వేరొకడు ఉండవలెను. గాలము విసరువాని వెనుక బిడ్డను నిలుపరాదు. జెల్లచేపను వాని చేతికి ఇయ్యరాదు. దాని ముల్లు మిక్కిలి బాధపెట్టును. పెద్దపిల్లలను పడవ ఎక్కించునప్పుడు వారి కొలతకు సరిపోవు లైఫ్ జాకెట్ తొడుగుడి. పెద్దలది తొడిగినయెడల నీటిలో మెడమీదికి జారి ఊడిపోవును. త్రాటితో బిడ్డను పడవకు కట్టుట కాపాడుట కాదు. పడవ బోల్తాపడినయెడల బిడ్డయు దానితో చిక్కుకొనును.

ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మన తూర్పుతీరమున మరపడవల వేట నిలుపబడును. బడి సెలవులును అప్పుడే వచ్చును. అప్పుడు పెద్దపిల్లలు గాలములు పట్టుకొని, చంటివానిని చంకనెత్తుకొని కాలువగట్లకు పోవుదురు. పదేండ్ల అక్కకు నాలుగేండ్ల తమ్ముని ప్రాణము అప్పగించుట న్యాయము కాదు. ఆ పిల్లకును అది మోయలేని భారమే.

సంఘస్థులారా, మనకును ఇందులో బాధ్యత కలదు. పసిబిడ్డలను నీటికి దూరముగా, పెద్దల కనుసన్నలలో ఉంచు చోటు ఏర్పరచుట మంచి నివారణోపాయమని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మూడేండ్లు నిండినవారికి అంగన్‌వాడీ కలదు. అది తెరువని వేళలలో మన వాకిండ్లు కలవు. వేటకు పోవు సహోదరునితో, “తమ్ముడా, బిడ్డను మా యింట విడిచి వెళ్లుము, నీవు వచ్చువరకు మేము చూచెదము” అని పలుకువారు ఒక్కొక్క వీధిలో ఇద్దరున్నను చాలును. ఆ మాట పలుకక, తరువాత ఏడ్చుచున్న తండ్రిని ఆదరింప బోవుట ఆలస్యమైన ప్రేమ.

మెల్లగా నడిచిన యాకోబు క్షేమముగా షెకెము ఊరికి చేరెనని 18వ వచనము తెలుపుచున్నది. ఈ వేసవిలో మన పసివారును ప్రతి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరునట్లు, ఒకరి బిడ్డను ఒకరు కాచుకొందుము గాక.