మరలివచ్చినవాని కాయకము

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినపుడు బెంగళూరు, చెన్నపట్టణముల నుండి అనేక కుటుంబములు చిత్తూరు సీమలోని తమ పల్లెలకు మరలివచ్చినవి. కొందరు తిరిగి వెళ్లిరి, కొందరు నిలిచిపోయిరి. తాతలనాటి నేలను చేరి, ఋతువుల ననుసరించి నెమ్మదిగా బ్రతుకవలెనను కోరిక నాటినుండి చదువుకొన్నవారిలో పెరుగుచున్నది. కార్వేటినగరము చుట్టుపట్ల పొలము గల గృహస్థునకు ఈ కోరిక కలుగుట సహజము. కోరిక మంచిదే. అయితే ఇంతకాలము ఆ నేల ఖాళీగా నున్నదా యని శరణబంధువులు విచారింపవలెను.

యజమాని పట్టణమున కొలువు చేయుచుండగా ఆ నేలను దున్నినవాడు గుత్తదారు. బావి పూడిక తీసినవాడు, తెగిన గట్టు వేసినవాడు అతడే. పాసుపుస్తకమున అతని పేరుండదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందముపై అతనికి పంటఋణము, బీమా, నష్టపరిహారము పొందుటకు పత్రము నిచ్చును గాని, దానికి భూయజమాని సంతకము కావలెను. యాజమాన్యమునకు భంగము లేదని చట్టమే చెప్పుచున్నను, నేల చేజారునను భయముతో సంతకము పెట్టనివారు కలరు. లింగధారి యైనవాడు కూడ ఆ భయమునకు లోబడినచో ఏమనవలెను?

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరి తెచ్చి, దానితోనే జంగమ దాసోహము జరుపుచుండెడివాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యెందుకని నిలదీసి, మిగిలినదానిని మరల అక్కడనే పోసి రమ్మని పంపెను. ఆ ఇంట నిండు కుండలు లేవు. అతిథులు మాత్రము వచ్చుచునే యుండిరి. అయినను ఆ తల్లి, అక్కరకు మించినది ఇతరుల పాలని తలచెను. బియ్యపు గింజల విషయముననే ఇంత పట్టుదల యున్నపుడు, ఎకరముల విషయమున ఎంత యుండవలెను!

నెమ్మదిగా బ్రతుకుటయన అరుగుపై కూర్చుండుట కాదు. వేరుశనగ నాలుగు నెలలు కావలి కోరును. అంటుమామిడి చేతికి వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. ఈశాన్య ఋతుపవనము వలన కార్తికమున వాన కురిసినపుడు ఏ మడవ తెరువవలెనో, ఏది మూయవలెనో పట్టణమునుండి వచ్చినవానికి తెలియదు, గుత్తదారునకు తెలియును. కాపు బాగుగా వచ్చినను ధర రాదు. 2025లో తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 పరిశ్రమలు, 4 ప్రభుత్వము ఇచ్చునట్లు ఏర్పరచినను, బండ్లు కర్మాగారముల ముంగిట రోజుల తరబడి నిలిచినవి. ఆ కష్టమును ఏటేట మోసినవానిని ఒక్క మాటతో పొమ్మనుట కాయకము కాజాలదు.

కావున మరలివచ్చిన గృహస్థు, అతడు విత్తిన పంటను అతడే కోసికొనువరకు ఆగవలెను. అతడు పెంచిన చెట్లకు వెల కట్టవలెను. చేయగలిగినంత నేలనే తాను చేసికొని, మిగిలినదానిని పత్రముతో, సంతకముతో అతనికే విడువవలెను. పండుగనాడు జంగమార్చన యైన పిమ్మట గుత్తదారు కుటుంబమును పంక్తిలో కూర్చుండబెట్టి, భోజనానంతరము లెక్కలు చూచుట మేలు. ఆకలిమీద చూచిన లెక్కలు కలహమునకే దారితీయును. అవి తేలిన పిమ్మట ఆషాఢమున మడక కట్టవచ్చును.