కొసరు పిచ్చుక

వాక్యభాగము: మత్తయి 6:25–34, లూకా 12:6–7



మన ప్రభువు కొండమీద చింతను గూర్చి మాటలాడుచు, వినువారి కన్నులను ఆకాశ పక్షులవైపు త్రిప్పెను. ఈ వచనముమీద మేము ఎన్నో పర్యాయములు ప్రసంగించితిమి. గ్రీకు భాషలో అచ్చట వాడబడిన మాటకు ఊరక చూచుట కాదు, దృష్టి నిలిపి చూచుట అని అర్థమని సెమినరీలో నేర్చుకొంటిమి. పరీక్షలో వ్రాసి మార్కులును తెచ్చుకొంటిమి. అయితే ప్రభువు చెప్పిన ఆ పనిని మాత్రము చేయలేదు. పక్షులను గూర్చి చెప్పితిమే గాని, పక్షులను చూడలేదు.

కొన్నేండ్ల క్రిందట తాండూరు ప్రాంతములో మా సంఘపు రైతు ఒకరి కంది చేను చెడిపోయెను. పూతవేళ ముసురు పట్టి పూత రాలెను. నిలిచిన కాయను పురుగు తొలిచెను. ఓదార్చుటకు వెళ్లి మేము ఈ వచనమునే చెప్పితిమి. ఆయన తల వంచుకొని విని, చివరకు, “పిట్టలకు అప్పులు లేవు గద, అయ్యగారూ” అనెను. మాకు జవాబు తోచలేదు. ప్రార్థన చేసి వచ్చితిమి గాని, ఆ మాట మాతోకూడ ఇంటికి వచ్చెను.

మరుసటి ఉదయము నుండి పక్షులను చూడ మొదలుపెట్టితిమి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు తన దుర్భిణిని మాకు ఎరువిచ్చి, దానిని పట్టుకొను విధమును నేర్పిరి. దానిమీద 8×42 అని వ్రాసియున్నది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపునో తెలుపును; రెండవది ముందరి అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లది మేలు కాదా అని మేము అడిగితిమి. చేతి వణకు కూడ పది రెట్లగును, కనబడు మేర సాధారణముగా తగ్గును, కనుక క్రొత్తవారికి ఎనిమిదే చాలునని ఆయన చెప్పిరి. కండ్లద్దములు పెట్టుకొనువారు కంటివైపు రబ్బరు తొడుగులను క్రిందికి దించుకొనవలెను. సూర్యునివైపు దానిని ఎన్నడును త్రిప్పరాదు. ప్రియులారా, దీనికొరకు ఎవరును అప్పు చేయకుడి. దేవుడిచ్చిన రెండు కన్నులును, కొంత ఓపికయు ఉన్న చాలును.

పక్షిని గుర్తించుటకు రంగు ఒక్కటే చాలదు. అది పిచ్చుకంతయా, గోరింకంతయా, కాకియంతయా చూడవలెను. ముక్కు, తోక, కూర్చుండు చోటు, ఎగురు తీరు, కూత గమనింపవలెను. ఎట్రింతయు మగకోకిలయు రెండును నలుపే. ఎట్రింత తోక చివర చీలియుండును, కోకిల కన్ను ఎఱ్ఱగా నుండును. పాలపిట్ట తీగెమీద కూర్చున్నప్పుడు బూడిదరంగుగా కనబడి, రెక్క విప్పగానే నీలముగా మెరయును. ప్రక్కింటివారిని కూర్చున్న తీరు చూచి తీర్పు తీర్చు మనకు ఇది పాఠము కాదా?

మన ప్రాంతము పక్షులకు పేద ప్రాంతము కాదు. మూసీ పుట్టిన అనంతగిరి అడవి ఉన్నది, కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లున్నవి, తాండూరు కంది చేలున్నవి. సాలిం అలీగారు 1931–32లో నైజాము రాజ్యపు పక్షులను సర్వే చేసిరి. 1980లో హైదరాబాదులో పక్షులను చూచువారి సంఘము ఒకటి ఏర్పడెను. ఇంగ్లండు దేశపు ప్రసిద్ధ బోధకుడు జాన్ స్టాట్‌గారు జీవితమంతయు పక్షులను చూచి, 1999లో వాటిని మన బోధకులుగా చూపుచు ఒక పుస్తకము వ్రాసిరి.

నవంబరులో ధారూరు జాతరకు వెళ్లునప్పుడు జొన్న చేలను చూడుడి. ఒడలు గులాబిరంగు, తల నలుపు గల గోరింకలు గుంపులుగా వ్రాలును. అవి మధ్య ఆసియా, తూర్పు ఐరోపా మైదానములలో పిల్లలు చేసి, చలికాలమునకు మన దేశము వచ్చును. యిర్మీయా 8:7లో ప్రవక్త చెప్పినట్లు పక్షులు తమ కాలమును ఎరుగును. ఇంగ్లీషులో ఈ పక్షి పాత పేరు రోజీ పాస్టర్. గొఱ్ఱెల మందల వెంట తిరుగును గనుక కాపరి అను ఆ పేరు వచ్చినదందురు. కాపరి పేరు పెట్టుకొని రైతు జొన్నమీద పడుట మాబోటివారికి హెచ్చరికయే!

ఇట్లు చూడగా చూడగా మాకు మూడు సంగతులు తెలిసినవి.

మొదటిది, పక్షులు సోమరులు కావు. కంది చేలో పాతిన కొయ్యలమీద ఎట్రింత తెల్లవారకముందే కూర్చుండి పురుగులను పట్టును. తండ్రి వాటిని పోషించును గాని, ఆహారమును గూటిలో వేయడు. ఆ రైతు కూడ సోమరి కాడు. ఆయన కష్టము ఎరుగక మేము పిట్టల మాట చెప్పితిమి.

రెండవది, పిచ్చుకలు నేలకూలును. ఒక గాలివాన మరునాడు తుమ్మచెట్టు క్రింద గిజిగాని గూళ్లు పడియుండెను, పిల్లలు చచ్చియుండెను. మా చేతిలో దుర్భిణి బరువాయెను. అప్పుడు మత్తయి 10:29 మరల చదివితిమి. పిచ్చుక పడదని ప్రభువు చెప్పలేదు. తండ్రికి తెలియకుండ పడదని చెప్పెను. కష్టము రాదని మేము వాగ్దానము చేసితిమి. ఆయన చేసిన వాగ్దానము అది కాదు.

మూడవది కొసరు. మత్తయిలో రెండు పిచ్చుకలకు ఒక కాసు. లూకాలో అయిదింటికి రెండు కాసులు. నాలుగింటికి వెల కట్టి, అయిదవదానిని అంగడివాడు కొసరు వేసెను! లెక్కలోనికి రాని ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువలేదని ప్రభువు చెప్పుచున్నాడు. అప్పులలో మునిగినవాడు తన్ను తాను కొసరుగా ఎంచుకొనును. సంఘము కూడ అట్లే ఎంచినయెడల వానికి తండ్రి ప్రేమను ఎవరు చూపుదురు?

మేము మరల ఆ ఇంటికి వెళ్లితిమి. ఈసారి వచనము చెప్పలేదు. “మీరు చెప్పినది నిజమే; పిట్టలకు అప్పులు లేవు. మీ అప్పుల చీటీలు చూపుడి” అంటిమి. సంఘపెద్దలిద్దరు కూర్చుండి లెక్క వ్రాసిరి. గడువు అడుగుటకు ఆయనతోకూడ బ్యాంకునకు నడిచిరి. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యమును ఆ ఇంటికి పంపిరి. అప్పు తీరిపోలేదు, ఇప్పటికిని కొంత ఉన్నది. అయితే ఆయన ఒంటరిగా లేడు. ఒక ఆదివారము ఆయనయే మాకు తీగెమీది పాలపిట్టను చూపి, “దుర్భిణి తెచ్చినరా, అయ్యగారూ?” అనెను.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని గులేరును తీసికొని, పక్షి పేర్లు నేర్పుడి. గూటిలోని తల్లిపక్షిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:6–7లో ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును వాటిని పట్టుటను, చంపుటను నిషేధించుచున్నది. ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక ఉదయము చెరువు కట్టమీద నిలిచి చూడుడి. తిరిగి వచ్చునప్పుడు, మీ వాడలో ఎవరు కొసరు పిచ్చుకవలె నున్నారో వారి తలుపు తట్టుడి.

పరలోకమందున్న మా తండ్రీ, పక్షులను చూచుటకు మాకు కన్నులిచ్చితివి. పడినవానిని చూచు కన్నులను కూడ మాకు దయచేయుము. ఆమేన్.